నాలుక చేప తల ఎటువైపు

వాల్తేరు,
12 సెప్టెంబరు 1973

అన్నా,

నీకూ వదినకూ దండాలు. ముందు నీ కళ్ల సంగతి రాయి. సాయంత్రమయ్యేసరికి ఉలి మొన రెండుగా కనిపిస్తోందని కిందటి ఉత్తరంలో రాసి, వెంటనే మాట మార్చి వ్యాసర్పాడిలో నీళ్ల లారీ రాలేదన్నావు. నేను మరిచిపోలేదు.

ఇక్కడి హాస్టలు పిల్లలు నేను "ఆడ ఉండాది" అన్నప్పుడల్లా నవ్వుతున్నారు. నవ్వనీ. నేను వాళ్ల మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఈ వారం బురద దొరికింది. బురద, అడుసు, రొంపి, ఒండ్రు, ఊబి. అన్నీ ఒకటే అనుకునేదాన్ని. కాదన్నా. కాలు జారేది అడుసు, కాలు పట్టి లాగేది ఊబి, వరద తెచ్చి పరిచి తన దారిన తాను పోయేది ఒండ్రు. తెలిసిన రోజు సంబరంతో అన్నం సరిగ్గా తినలేకపోయాను.

బురద గోల ఎందుకంటావా, చెబుతాను. వచ్చే ఏడు పరిశోధనకు ఒకే ఒక్క సీటుంది. మేం ఏడుగురం. మా ప్రొఫెసరు గారు అందరికీ ఒకటే పని పెట్టారు. ఎవరి ఊరి తీరం నుంచి వాళ్లు, సముద్రం అడుగున నేలను అంటుకుని బతికే చేపను ఒకదాన్ని తీసుకోవాలి. అది ఏ చేపో తేల్చాలి. ఏ నేల మీద పడుకుంటుందో చెప్పాలి. డిసెంబరు పదిహేనున బయటినుంచి వచ్చే పెద్దల ముందు చదవాలి. సీటు రాకపోతే పురసవాక్కం జవుళికొట్లో నువ్వు అడిగి పెట్టిన టైపిస్టు పనికి వచ్చేస్తాను. మాట ఇచ్చాను, గుర్తుంది. కానీ అన్నా, ఈ సీటు నాకు కావాలి.

మధ్యలో సెలవులు లేవు. అందుకని మద్రాసులో ఉన్న నువ్వే కాశిమేడు చేపల రేవుకు వెళ్లాలి. నాలుకలా పలచగా, పొడుగ్గా, నేల మీద పక్కకు పడుకునే చేప ఉంటుంది, అది కావాలి. ఆ చేప పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే ఉంటుందట, చెరో పక్క ఒక కన్ను. పెరిగేకొద్దీ ఒక కన్ను మెల్లగా నెత్తి మీదుగా అవతలి పక్కకు పాకి, రెండో కంటి దగ్గర స్థిరపడుతుందట. అప్పుడది గుడ్డిపక్కను నేలకు ఆనించి, రెండు కళ్లూ పైకి పెట్టి, బతుకంతా అలాగే పడుకుంటుంది. చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఒకదాన్ని కొని, ఉప్పేసి, డబ్బాలో పంపు.

మూడో క్లాసులో నా పేరు చెక్కి అచ్చు ఇచ్చావు చూడు, అది ఇక్కడికి తెచ్చుకున్నాను. చెక్క మీది అక్షరాలు చూసి అప్పుడు రాక్షస భాష అనుకుని ఏడ్చాను. నువ్వు సిరాలో ముంచి నా అరచేతిలో ఒత్తేదాకా నమ్మలేదు.

నీ చెల్లెలు,
అలివేలు


వ్యాసర్పాడి,
24 సెప్టెంబరు 1973

చెల్లెలు అలివేలుకు వెంకటపతి దీవెనలు.

కళ్లు బాగానే ఉన్నాయి. లారీ ఇంకా రాలేదు.

నువ్వు చేప అడిగిన నెల చూసుకున్నావా? ఇది పెరటాసి, పెరుమాళ్ల నెల. మనింట్లో ఈ నెల కోడిగుడ్డు కూడా గడప దాటదు. మీ వదిన చెప్పేసింది. "చేపను లోపలికి తెస్తివా, నేను తిరువళ్లూరుకు, మా పుట్టింటికి పోతా. చదువుకూ సామికీ సంబంధం లేదా మీ చెల్లెలికి?" అని. ఆమెతో వాదించే ఓపిక ఉంటే ఇంకో అచ్చు చెక్కుకుంటాను.

శుక్రవారం తెల్లారి కాశిమేడు వెళ్లాను. పచ్చయమ్మ అని ఒకామె, బుట్టల దగ్గర కూచుని ఉంది. మన మాట మాట్లాడింది, ప్రాణం లేచొచ్చింది. నాలుకలాంటి చేప అన్నాను. తీసి చూపించింది.

"ఎన్ని కావాల తంబీ?"

"ఒకటి."

"ఒకటి ఎవురికి చాలును? ఇంట్లో పిల్లికా?"

"తినేదానికి కాదు. మా చెల్లెలు చదవాల దాన్ని."

ఆమె నన్నూ చేపనూ మార్చి మార్చి చూసింది. "దీంట్లో ఏముండాది చదివేదానికి? ముల్లు తీసి తినేదే" అంది.

ఉప్పేసి, డబ్బాలో పెట్టి పోస్టాఫీసుకు తీసుకెళ్లాను. కౌంటరులో ఉన్నాయన డబ్బా చూడకుండానే ముక్కు మూసుకున్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు నాకు దారి ఇచ్చారు, ముందుకు కాదు, బయటికి. ఇంటికి తేలేను, అందుకని మేం అచ్చులు చెక్కే కొట్టుకు తీసుకెళ్లి, నా చెక్కుడు పలక మీద పెట్టి, మధ్యాహ్నం భోజనం వేళ బొమ్మ గీశాను. పల్చటి ట్రేసింగు కాగితం తప్ప అక్కడ వేరేది లేదు. జాగ్రత్తగా గీశాను. బొమ్మ పక్కన కొలతలు రాయడం మా పనిలో ఉండదు, కాబట్టి వివరాలు ఇక్కడ రాస్తున్నాను. పొడుగు తొమ్మిదింపావు అంగుళాలు. పక్క రెక్కలు లేవు. అంచు చుట్టూ ఉన్న రెక్కలు తోకలో కలిసిపోయాయి, తోక విడిగా లేదు. కళ్లున్న పక్క ఒంటి మీద రెండు గీతలు నిలువునా ఉన్నాయి. నోరు పొట్టవైపు కొక్కెంలా వంగి ఉంది. రంగు తడిసిన టేకు పొట్టు రంగు.

గీయడం అవగానే పిల్లి తీసుకుపోయింది. పచ్చయమ్మ చెప్పింది నిజమయింది.

రెండు కళ్లూ పైకి పెట్టుకుని రోజంతా ఒకేచోట పడుండే ప్రాణి అని రాశావు. నాకు కొత్తగా అనిపించలేదు.

అన్న,
వెంకటపతి


వాల్తేరు,
3 అక్టోబరు 1973

అన్నా, అన్నా!

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కూచోలేకపోతున్నాను.

నీ బొమ్మలో ఒక్కొక్క పొలుసూ కనిపిస్తోంది. మా ల్యాబులో అందరూ చూశారు. కానీ సంగతి అది కాదు. ఈ చేపల్లో రెండు కుటుంబాలున్నాయి. పొట్ట కిందికి, కళ్లున్న పక్క మనవైపు పెట్టుకుంటే, ఒక కుటుంబంలో తల ఎడమకు వస్తుంది. అవి నాలుక చేపలు. రెండో కుటుంబంలో తల కుడికి వస్తుంది. మొట్టమొదట చూడాల్సింది ఇదే, మిగతావన్నీ దీని తర్వాత. నీ చేప తల కుడికి ఉంది. సరే, రెండో కుటుంబం అనుకుని పుస్తకం తీశాను. పక్క రెక్కలు లేవు, తోక విడిగా లేదు, ఒంటి మీద రెండు గీతలు. ఇవన్నీ నాలుక చేపల గుర్తులు. తల మాత్రం కుడికి. అలాంటి చేప ఏ పుస్తకంలోనూ లేదన్నా! మూడు పుస్తకాలు తిరగేశాను.

నాలుక చేపల్లో వెయ్యికొకటి పొరపాటున తిరగబడి పుట్టవచ్చునట. అదైనా కావాలి, లేకపోతే ఎవరూ చూడని కొత్త చేపైనా కావాలి. ప్రొఫెసరు గారికి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంకోటి చూడు" అన్నారు. ఆవిడ కళ్లజోడు తీశారంటే మాటలు కాదు. కొత్త చేప అయితే పేరు పెట్టడం నా వంతు. పేర్లు అప్పుడే రాసుకుంటున్నాను.

ఇంకో చేప కొని బొమ్మ గీసి పంపు. అది దొరికిన చోట నేల ఎలాంటిదో కూడా కనుక్కో. ఇసుకా, అడుసా, ఒండ్రా? నీళ్లు ఎంత లోతు? బురద అని ఊరికే రాయకు, ఎలాంటి బురదో రాయి.

సంతోషంతో తల తిరుగుతున్న,
అలివేలు


వ్యాసర్పాడి,
20 అక్టోబరు 1973

అలివేలుకు,

పెరటాసి అయిపోయింది. ఇంట్లోకి చేపలు వచ్చాయి, నీ చేప మాత్రం కొట్లోనే గీశాను. అక్కడయితే వెలుతురు ఉంటుంది, పిల్లలుండరు. రెండో బొమ్మ ఇందులో ఉంది. ఇదీ మొదటిదానిలాగే ఉంది, తేడా ఏమీ లేదు. పొడుగు ఎనిమిదిన్నర.

నీ కుడి ఎడమల సంగతి పచ్చయమ్మకు చెప్పాను. "కండ్లు యాడుంటే మీకేంది తంబీ? కూరలో కండ్లేసుకుంటామా?" అంది. పక్కనున్న వాళ్లంతా నవ్వారు. ఇప్పుడు నేను బుట్టల మధ్య నడుస్తుంటే "అదిగో, కండ్లు చూసే అన్న వచ్చినాడు" అంటున్నారు.

నేల గురించి ఆమె మొగుడు అరుముగాన్ని అడిగాను. వల లాగేది ఆయనే. ఒండ్రా అడుసా అని అడిగితే, "సేరు" అన్నాడు. ఎలాంటి సేరు అన్నాను. "కడల్ సేరు" అన్నాడు. సముద్రంలో ఉన్న బురద సముద్రపు బురదే కదా. నీ నోటుబుక్కు ఆయన దగ్గర పనిచేయలేదు.

కానీ ఆయన ఒక పని చేసి చూపించాడు, అది నీకు నచ్చుతుంది. తాడుకు సీసపు గుండు కట్టి, గుండు అడుగున గుంట ఉంటుంది, అందులో మెత్తటి బట్టల సబ్బు కూరుతాడు. పడవలోంచి దించి, నేలకు తగిలాక పైకి లాగుతాడు. కింద ఏముందో అది సబ్బుకు అంటుకుని వస్తుంది. దాన్ని వేలితో నలిపి చూసి వల వేయాలా వద్దా అనుకుంటాడు. ఆదివారం నన్నూ ఎక్కించుకున్నాడు. ఎన్నూరు ఏరు సముద్రంలో కలిసే చోటికి కాస్త దక్షిణంగా, ఈ చేపలు పడే ఆరు బారల లోతులో మూడు చోట్ల దించాడు. నేను రెండుసార్లు వాంతి చేసుకున్నాను. మూడు సబ్బు ముక్కలూ ఆరబెట్టి, అగ్గిపెట్టెల్లో పెట్టి పంపుతున్నాను. పైన సన్నటి ఇసుక, కింద నల్లటి మెత్తటిది, మధ్యలో గవ్వ పొడి. ఒక ముక్క మీద చిన్న పురుగు పాకిన గీత కూడా పడింది. దీన్ని ఏమంటారో నాకు తెలీదు. నాకు తెలిసిన మాటలో చెప్పాలంటే ఇది అచ్చు. నేల వేసిన అచ్చు.

కొట్లో సగం బల్లలు తీసేశారు. అందరూ స్క్రీను అద్దకం అడుగుతున్నారు. టేకు దిమ్మలు మూలన పేర్చి ఉన్నాయి, వాటి మీద టీ గ్లాసులు పెడుతున్నారు.

వెంకటపతి


వాల్తేరు,
2 నవంబరు 1973

అన్నా,

బొమ్మా, సబ్బు ముక్కలూ చేరాయి. సబ్బు చూశాను, తర్వాత మళ్లీ చూస్తాను. ముందు ఈ చిక్కు తీరాలి.

రెండో చేప తల కూడా కుడికే ఉంది. నేను ఎగిరి గంతేశాను. ప్రొఫెసరు గారు మాత్రం ఈసారి కళ్లజోడు తీయలేదు. వెయ్యికొకటి పుట్టేది వరసగా రెండుసార్లు ఒకరికే దొరకదన్నారు. "కొత్త చేపయినా అయ్యుండాలి, గీసినవాళ్లు సరిగ్గా చూడకుండానైనా గీసి ఉండాలి. మీ అన్నయ్య చేసే పనేమిటి?" అని అడిగారు. బట్టల అద్దకంలో పని అని చెప్పాను. అచ్చులు చెక్కుతాడని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. చెప్పకపోయినందుకు ఆ పూటంతా సిగ్గుపడ్డాను, అదీ నీకు రాస్తున్నాను.

నేను చదవబోయే విషయం ఒక పేజీలో రాసి ఇవ్వమన్నారు, ఇచ్చేశాను. "మద్రాసు తీరాన ఒక కొత్త చేప" అని పెట్టాను. ఇక వెనక్కి పోవడానికి లేదు. పెద్దలు చేపను చూపించమంటారు. పచ్చిది పోస్టులో రాదు కాబట్టి ఎండబెట్టి పంపు. గీసిన చేపనే ఎండబెట్టు, వేరేది కాదు. దయచేసి కాస్త జాగ్రత్తగా చూడు.

అలివేలు


వ్యాసర్పాడి,
15 నవంబరు 1973

అలివేలుకు,

పది రోజులుగా వాన. పడవలు వెళ్లలేదు. కాశిమేడుకు నాలుగుసార్లు వెళ్లి ఉత్త చేతులతో వచ్చాను. అయిదోసారి పచ్చయమ్మ నాకోసం ఒకటి దాచి ఉంచింది. "తీసుకో తంబీ. నీ మొగం చూస్తే నాకే పాపమనిపిస్తా ఉండాది" అంది.

కొట్లో బొమ్మ గీశాకే ఎండబెట్టాను. ఎండ ఏదీ? మీ వదిన పొయ్యి మీద దండెం కట్టి, పొగకు వేలాడదీసింది. పెరటాసి అప్పుడు అన్న మాటలు ఆమె మరిచిపోయింది, నేనూ గుర్తు చేయలేదు. నాలుగు రోజులు ఇల్లంతా ఎండు చేప వాసన, కరువాడు వాసన. పక్కింటివాళ్లు మన ఇంట్లో విందు అనుకున్నారు.

చేపా, మూడో బొమ్మా పార్సిల్లో ఉన్నాయి. జాగ్రత్తగా చూడమన్నావు. చూశాను.

ఇంకో సంగతి. మా కొట్టు మొన్న మూతపడింది. వచ్చే సోమవారం నుంచి పెరంబూరులో బాలసుందరం గారి స్క్రీను షెడ్డుకు వెళ్తాను. ఉలులు నూనె రాసి గుడ్డలో చుట్టి అటకెక్కించాను. నువ్వు చదువులో ఉన్నావు, ముందే రాయడం ఎందుకని రాయలేదు.

వెంకటపతి


వాల్తేరు,
24 నవంబరు 1973

అన్నకు,

పార్సిలు నాలుగు రోజుల కిందటే చేరింది. హాస్టలు వంటామె దాన్ని నాకు ఇంటినుంచి వచ్చిన తిండి అనుకుని వేయించబోయింది. నూనె కాగాక వాసనకు పరిగెత్తుకెళ్లి లాక్కొచ్చాను. వేయించి ఉన్నా బాగుండేది.

చేపను బల్ల మీద పెట్టాను. పొట్ట కిందికి, కళ్లున్న పక్క నావైపు. తల ఎడమకు ఉంది. మామూలు నాలుక చేప. మన తీరమంతా దొరికేదే. పక్కన నీ మూడో బొమ్మ పెట్టాను. తల కుడికి ఉంది.

రెండూ ఒకటే చేప అని రాశావు. ఎలా అవుతుందన్నా? ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని గీశావా? మొదటి బొమ్మనే మళ్లీ మళ్లీ గీసి పంపావా? విసుగొస్తే విసుగొచ్చిందని రాసి ఉండొచ్చు. నేను నమ్ముకున్నది నీ కళ్లనే. ప్రొఫెసరు గారు "ఇప్పుడేమంటావు?" అన్నారు. మిగతా ఆరుగురూ వింటున్నారు.

ఒక్కటి అడగనా? నేను సీటు రాక ఇంటికి వచ్చేయాలని నీ మనసులో ఎక్కడైనా ఉందా? ఆ టైపిస్టు పని గురించి ప్రతి ఉత్తరంలోనూ నువ్వు రాయకపోయినా నాకు వినిపిస్తూనే ఉంది.

ఇంకా ఇరవై రోజులుంది. ఏం చదవాలో తెలీడం లేదు.

అలివేలు


వ్యాసర్పాడి,
28 నవంబరు 1973

అలివేలుకు,

గీసిన చేపనే ఎండబెట్టాను. చూసిందే గీశాను. చూడనిది గీయడం నాకు రాదు.

రెండో ప్రశ్నకు, నా మనసు గురించి అడిగినదానికి, జవాబు రాయను.

వెంకటపతి


వ్యాసర్పాడి,
7 డిసెంబరు 1973

అలివేలుకు,

రాయకూడదనుకున్నాను. కానీ ఈ సంగతి నీకు పదిహేనో తేదీలోపల చేరాలి, అందుకని రాస్తున్నాను.

పురసవాక్కంలో అమ్మణి సిల్క్ హౌస్ అని కొత్త జవుళికొట్టు తెరుస్తున్నారు. వాళ్లకు గుడ్డ సంచులు కావాలి, సంచి మీద నెమలి, కింద ఇంగ్లీషులో కొట్టు పేరు. బాలసుందరం గారు ఆ పని నాకిచ్చారు. స్క్రీను గుడ్డ మీద నేరుగా లక్కతో గీయాలి. అది నా చేతికి వచ్చిన విద్యే కదా. వేరేవాళ్లు కాగితం మీద గీసి, చెక్కకు బోర్లా అంటించి, గీత దించుకుంటారు. నాకది అక్కర్లేదు, చూసి నేరుగా గీస్తాను. పాత కొట్లో అందుకే నాకు ఒక బల్ల విడిగా ఉండేది.

గీసి ఇచ్చాను. అద్దేవాళ్లకు ఇంగ్లీషు రాదు. నేను పక్కనే నిలబడి ప్రతి సంచీ చూశాను. నా కంటికి అంతా సరిగ్గానే ఉంది. నాలుగు వందల సంచులు అద్ది దండేల మీద ఆరేశాం. సాయంత్రం బాలసుందరం గారు వచ్చారు. వరస మొదటినుంచి చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"ఏం వెంకటపతీ, కొట్టుకు పోయే జనమంతా చేతిలో అద్దం పెట్టుకోని పోవాల్నా?" అన్నారు.

అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. షెడ్డంతా నవ్వింది. ఒకతను సంచి తిప్పి, లోపలి పక్కనుంచి వెలుతురుకు పట్టి చూపించాడు. అప్పుడు పేరు సరిగ్గా కనిపించింది. అక్షరాలన్నీ తిరగేసి రాశాను అలివేలూ. పద్దెనిమిదేళ్లు ఊళ్లో కొట్లన్నిటి పేర్లూ తిప్పి చెక్కిన చెయ్యి, తనంతట తానే తిప్పేసింది. తిరగేసిన అక్షరాలే చదివి చదివి కంటికి కూడా తేడా తెలియలేదు. చెక్కకయితే అదే సరి. ఒత్తితే తిన్నగా పడుతుంది. స్క్రీనులో గీసింది గీసినట్టే దిగుతుంది. ఎవరూ ముందు చెప్పలేదు, చెప్పినా చెయ్యి వినేది కాదేమో.

ఆ సంచులన్నీ ఒక్కొక్కటే దండెం మీంచి తీస్తుంటే నెమళ్ల తలలన్నీ తప్పు పక్కకు చూస్తున్నాయి. అప్పుడు నీ చేప గుర్తొచ్చింది.

నా మూడు బొమ్మలూ కొట్టు పలక మీద, ట్రేసింగు కాగితం మీద గీసినవి. అక్కడ కూచుంటే నాకు ఇంకోరకంగా గీయడం రాదు. నీ దగ్గరున్న కాగితం వెనక్కి తిప్పి, కిటికీకి పెట్టి చూడు. తల ఎటుందో రాయి.

ఇప్పుడు నాకు స్క్రీన్లు కడిగే పని ఇచ్చారు. మంచిదే, కళ్లతో పని లేదు.

వెంకటపతి


వాల్తేరు,
18 డిసెంబరు 1973

అన్నా,

ఈ ఉత్తరం మొదటి వాక్యం మూడు రోజులుగా వెతుకుతున్నాను. నా నోటుబుక్కులో దానికి సరిపడే మాట లేదు.

నీ ఉత్తరం పదకొండో తేదీన వచ్చింది. ల్యాబు కిటికీ సముద్రంవైపు ఉంటుంది. కాగితం తిప్పి అద్దానికి ఆనించాను. తల ఎడమకు వచ్చింది. మూడు బొమ్మలూ. పొలుసులు కూడా ఎండబెట్టిన చేపతో వరసకు వరస సరిపోయాయి. నువ్వు చూసినదాంట్లో ఒక్క గీత తప్పు లేదు. అరచేతిలో నా పేరు ఒత్తిన అన్నను నేనే మరిచిపోయాను. చేపలో కుడి ఎడమలు నేర్చుకున్నదాన్ని, నీ చేతిలో కుడి ఎడమలు తెలుసుకోలేకపోయాను. నవంబరు ఉత్తరంలో అడిగిన రెండో ప్రశ్న నేను అడగలేదనుకో. అనుకోలేవని తెలుసు. అయినా అడుగుతున్నాను.

పదిహేనో తేదీన లేచి నిలబడి మొదటే చెప్పేశాను. "నేను రాసిచ్చిన పేరు వెనక్కి తీసుకుంటున్నాను. ఇది కొత్త చేప కాదు, మామూలు నాలుక చేప. బొమ్మ గీసింది మా అన్న. ఆయన అచ్చులు చెక్కుతాడు. ఆయన బొమ్మను ఇలా చూడాలి" అని కాగితం తిప్పి కిటికీకి పట్టాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ముందు కూచున్న ముసలాయన నవ్వలేదు. "సరే, చేప అందరికీ తెలిసిందే. నీకు మాత్రమే తెలిసింది ఏమైనా ఉందా?" అన్నారు.

నా దగ్గర ఏమీ లేదనుకున్నాను. అప్పుడు అగ్గిపెట్టెలు గుర్తొచ్చాయి.

సబ్బు ముక్కలు ఆయన చేతిలో పెట్టాను. ఎలా తీశారో, ఎంత లోతులో తీశారో, నీ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. సన్నటి ఇసుక, కింద నల్లటి మెత్తటిది, మధ్యలో గవ్వ పొడి. "నేల వేసిన అచ్చు" అన్నది కూడా చదివాను. ఆయన భూతద్దంతో ఆ పురుగు గీతను చాలాసేపు చూశారు. ఎండు చేప పొట్ట కోయించారు. అందులో అలాంటి గీత గీసే పురుగు ముక్కలు, అదే గవ్వ పొడి ఉన్నాయి. ఏ నేల మీద పడుకుంటుందో, అక్కడ ఏం తింటుందో రెండూ దొరికాయి. నవంబరు రెండో తేదీన "తర్వాత మళ్లీ చూస్తాను" అని రాసి, నెలన్నర ఆ అగ్గిపెట్టెలు తెరవలేదు అన్నా.

నిన్న సాయంత్రం పేరు గోడకు అంటించారు. సీటు నాకు వచ్చింది. చేపకు కాదు, నేలకు. రెండేళ్లూ ఎన్నూరు ఏటి ముఖం దగ్గరి నేల మీదే పని చేయాలట. జూన్ నుంచి సంవత్సరంలో సగం మద్రాసులోనే ఉంటాను. అరుముగాన్ని అడిగి పెట్టు. వాంతి నేను కూడా చేసుకుంటాను, నువ్వు ఒడ్డున నిలబడి నవ్వు.

మా విభాగం పుస్తకంలో ఈ వ్యాసం వేస్తారట. దానికి చేప బొమ్మ కావాలి, తల ఎడమకు ఉన్నది. కింద నీ పేరు వేయిస్తాను. ఈసారి ఇంట్లో, మామూలు కాగితం మీద, తిన్నగా గీసి పంపుతావా?

అలివేలు


వ్యాసర్పాడి,
6 జనవరి 1974

అలివేలుకు, అన్నా వదినా దీవెనలు.

సీటు సంగతి మీ వదినకు చదివి వినిపించాను. "బురదకు సీటిస్తారా?" అంది. తర్వాత వెళ్లి పాయసం పెట్టింది. పచ్చయమ్మకు చెప్పాను. "సబ్బుకాయ మాత్రం మీ చెల్లెల్నే తెచ్చుకోమను. మా ఇంటాయన నా సబ్బంతా కడలికే పూస్తా ఉండాడు" అంది.

నువ్వడిగిన రెండో ప్రశ్న. అప్పుడు రాయనన్నాను, ఇప్పుడు రాస్తాను. ఉంది. వానలో నాలుగోసారి ఉత్త చేతులతో తిరిగొస్తున్నప్పుడు, చేప దొరక్కపోతే నువ్వు వచ్చేస్తావు, నాకు తోడుంటావు అనుకున్నాను. అయిదోసారి కూడా వెళ్లాను. రెండూ నిజమే.

బాలసుందరం గారు మళ్లీ గీసే పని ఇస్తానన్నారు. ఆ నాలుగు వందల సంచులు లోపలి పక్క బయటికి తిప్పి కుట్టించి, మన వీధిలో అందరికీ పంచిపెట్టారు. మీ వదిన దాంట్లోనే చింతపండు తెస్తోంది.

నువ్వడిగిన బొమ్మకు అయిదు రోజులు కూచున్నాను. ఇంట్లోనే కూచున్నాను, బడి పిల్లల మామూలు కాగితం తీసుకున్నాను, పచ్చయమ్మ కొత్త చేప ఇచ్చింది. తల ఎడమకు అని పైన రాసి పెట్టుకుని మొదలుపెట్టాను. నాలుగుసార్లు కుడికే వచ్చింది. అయిదోసారి ఎడమకు వచ్చింది, కానీ అది చేపలా లేదు, చూసి గీసిందని ఎవరూ అనరు. చింపేశాను.

అందుకని పాత పద్ధతిలోనే, ట్రేసింగు కాగితం మీద గీసి ఇందులో పెట్టాను. కళ్లు మసకగా ఉన్నా పొలుసులు ఒక్కటీ వదల్లేదు. తల కుడికి ఉంది. ఈ చెయ్యి ఇక మారదు అలివేలూ. కాగితం నువ్వు తిప్పుకో.

వెంకటపతి